ప్రభుత్వరంగ ఉద్యోగ సంఘాల రాజకీయ ప్రాబల్యం (భారతదేశం)

ప్రభుత్వ శాఖలలోను, ప్రభుత్వరంగ సంస్థలలోను, బ్యాంకులు, బీమా, రైల్వే, విద్యుత్తు, రవాణా వంటి ప్రజాసేవలలోను పనిచేయువారు ఏర్పరచుకున్న సంఘాలను స్థూలంగా ప్రభుత్వరంగ ఉద్యోగ సంఘాలు అని వ్యవహరిస్తారు. స్వాతంత్ర్యానంతరం సుమారు నాలుగు దశాబ్దాల పాటు ఈ సంఘాలు వేతనాలనే కాక ప్రభుత్వ విధానాలను, ఒక్కొక్కసారి ఎన్నికల ఫలితాలను కూడా ప్రభావితం చేయగలిగినవి. 1991లో ఆర్థిక సంస్కరణలు మొదలైన తరువాత వీటి ప్రాబల్యం క్రమంగా తగ్గినది. శాశ్వత ఉద్యోగుల సంఖ్య తగ్గడం, కాంట్రాక్టు పద్ధతి విస్తరించడం, పెట్టుబడుల ఉపసంహరణ, సమ్మె హక్కుపై న్యాయస్థానాల తీర్పులు, సంఘాలలోని చీలికలు ఇందుకు ముఖ్య కారణాలు. అయితే ఈ క్షీణత అన్ని రంగాలలో ఒకే విధంగా లేదు. పెన్షను వంటి కొన్ని అంశాలలో ఉద్యోగుల ఓటు ఇప్పటికీ ప్రభుత్వాల నిర్ణయాలను మార్చగలుగుతున్నది.

చట్టపరమైన నేపథ్యం

భారతదేశంలో కార్మిక సంఘాలకు 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం గుర్తింపునిచ్చినది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సమ్మెకు నియమాలు ఏర్పరచినది. ఈ చట్టం అమలులో ఉన్నంతకాలం, దాని ప్రకారం ప్రజోపయోగ సేవలలో ముందుగా నోటీసు ఇవ్వకుండా సమ్మె చేయకూడదనే నియమం ఉండేది. ప్రభుత్వ శాఖలలోని ఉద్యోగులకు ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. దీని ప్రకారం వారు రాజకీయ పార్టీలలో సభ్యులుగా చేరరాదు, ఎన్నికల ప్రచారంలో పాల్గొనరాదు. అందుచేత వారి రాజకీయ బలం ఎప్పుడూ పరోక్షమైనదే. ఓటు, కుటుంబ సభ్యుల ఓట్లు, పాలనను స్తంభింపజేయగల శక్తి, పార్టీల అనుబంధ కార్మిక సమాఖ్యలతో సంబంధాలు అనునవి ఈ బలానికి ఆధారాలు.

ఒక విషయంలో మాత్రం రాజ్యాంగమే నేరుగా అవకాశం కల్పించినది. శాసన మండలి ఉన్న రాష్ట్రాలలో 171వ అధికరణం ప్రకారం పన్నెండింట ఒక వంతు సభ్యులను ఉపాధ్యాయులు, మరొక పన్నెండింట ఒక వంతు సభ్యులను పట్టభద్రులు ఎన్నుకుంటారు. ఆంధ్ర ప్రదేశ్‌లో 1985లో రద్దయిన శాసన మండలి 2007లో తిరిగి ఏర్పడినది. అప్పటినుండి ఉపాధ్యాయ సంఘాలకు చట్టసభలో మరల స్థానం లభించినది.

సమ్మె హక్కు విషయంలో సుప్రీంకోర్టు తొలినుండి ఒకే ధోరణిని అనుసరించినది. సంఘం ఏర్పరచుకొనే ప్రాథమిక హక్కులో సమ్మె హక్కు ఇమిడి లేదని 1961లో బ్యాంకు ఉద్యోగుల కేసులో తీర్పు ఇచ్చినది. 1962లో కామేశ్వర ప్రసాద్ కేసులో శాంతియుత ప్రదర్శనలకు రక్షణ ఉన్నదని అంగీకరిస్తూనే, సమ్మె ప్రాథమిక హక్కు కాదని స్పష్టం చేసినది. అత్యవసర సేవల నిర్వహణ చట్టం, అనగా ఎస్మా, సమ్మెలను నిషేధించుటకు ప్రభుత్వాలకు ఉన్న ముఖ్య సాధనం. కేంద్రం 1968లో ఇటువంటి చట్టాన్ని చేయగా, ఆంధ్ర ప్రదేశ్ 1971లో తన సొంత చట్టాన్ని చేసినది.

ప్రాబల్యం పెరిగిన కాలం

కార్మికోద్యమానికి, రాజకీయాలకు గల సంబంధం స్వాతంత్ర్యానికి పూర్వమే ఏర్పడినది. రైల్వే కార్మిక నాయకుడిగా పేరొందిన వి.వి. గిరి ఆ తరువాత కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం సవరించినందుకు నిరసనగా 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యాడు.

1956లో జీవిత బీమా, 1969లో 14 పెద్ద బ్యాంకులు, 1970ల తొలినాళ్లలో బొగ్గు గనులు జాతీయం అయ్యాయి. దీనితో ప్రభుత్వమే దేశంలోకెల్లా పెద్ద యజమాని అయినది. వేతన ఒప్పందం కేవలం యాజమాన్యానికి, కార్మికులకు మధ్య విషయంగా మిగలక మంత్రివర్గం నిర్ణయించే విషయంగా మారినది. ఏ.ఐ.టి.యు.సి., ఐ.ఎన్.టి.యు.సి., హెచ్.ఎం.ఎస్., బి.ఎం.ఎస్., సి.ఐ.టి.యు. వంటి సమాఖ్యలు ఏదో ఒక రాజకీయ భావధారకు సన్నిహితంగా ఉండి ఢిల్లీలో సంఘాల వాణిని వినిపించేవి.

ఈ కాలంలో జరిగిన ముఖ్యమైన సమ్మెలు:

1960 జూలై: రెండవ వేతన సంఘం సిఫారసులపై అసంతృప్తితో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు 5 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా దీనిని అణచివేసినది. అయితే 1966లో సంయుక్త సంప్రదింపుల యంత్రాంగం ఏర్పాటైనది.

1974 మే: రైల్వే కార్మికులు మే 8 నుండి 27 వరకు 20 రోజులు సమ్మె చేశారు. సుమారు 17 లక్షల మంది ఇందులో పాల్గొన్నారు. సమ్మెకు ముందే నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. వేలాది మందిని ఉద్యోగాలనుండి తొలగించారు.

1980-81: బెంగుళూరులోని హెచ్.ఏ.ఎల్., బి.ఇ.ఎల్., హెచ్.ఎం.టి., ఐ.టి.ఐ., బి.ఇ.ఎం.ఎల్. కార్మికులు 77 రోజులు సమ్మె చేశారు. కోరిన వేతన సమానత్వం సాధించకుండానే సమ్మె ముగిసినది.

వీటిలో 1974 సమ్మె తక్షణ ఫలితం రీత్యా ఓటమియే. కానీ 1977లో అధికారానికి వచ్చిన జనతా ప్రభుత్వం తొలగించబడిన రైల్వే కార్మికులను తిరిగి తీసుకున్నది. ఫెర్నాండెజ్ కేంద్రమంత్రి అయ్యాడు. 1979లో రైల్వే కార్మికులకు ఉత్పాదకతతో ముడిపడిన బోనసు లభించినది. సమ్మెలో ఓడిపోయినా ఎన్నికల తరువాత గెలువగలగడం ఆ కాలపు సంఘాల బలానికి గుర్తు.

ఆంధ్ర ప్రదేశ్‌లో కూడా ఇటువంటి ఉదాహరణ ఉన్నది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుండి 55 సంవత్సరాలకు తగ్గించినది. 1984 ఆగస్టులో కొద్దికాలం అధికారంలో ఉన్న నాదెండ్ల భాస్కరరావు ప్రభుత్వం దీనిని మరల 58కి పెంచినది. వయస్సు తగ్గింపు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1985 జనవరిలో తీర్పు చెప్పేనాటికే రాజకీయంగా ఆ నిర్ణయం వెనక్కి పోయినది.

క్షీణతకు కారణాలు

శాశ్వత ఉద్యోగాల తగ్గుదల

1990ల తొలినాళ్లలో కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలలో 20 లక్షలకు పైగా ఉద్యోగులు ఉండేవారు. 2020ల నాటికి శాశ్వత ఉద్యోగుల సంఖ్య 10 లక్షల కంటే తక్కువకు పడిపోయినది. స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు, ఖాళీలను భర్తీ చేయకపోవడం ఇందుకు కారణాలు. బి.ఎస్.ఎన్.ఎల్.లో 2020 జనవరి 31న ఒక్కరోజే 78 వేలకు పైగా ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ పొందారు. ఇది ఆ సంస్థ సిబ్బందిలో సుమారు సగం. సభ్యుల సంఖ్యపై ఆధారపడిన సంఘానికి ఇటువంటి తగ్గుదల చందాల రూపంలోను, బేరసారాల శక్తిలోను నష్టం కలిగిస్తుంది.

కాంట్రాక్టు పద్ధతి

శాశ్వత ఉద్యోగులు చేసే పనినే తక్కువ వేతనానికి కాంట్రాక్టు కార్మికులు చేయడం సాధారణమైనది. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులు తమంతట తామే శాశ్వత ఉద్యోగులు కాబోరని 2001లో సెయిల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. నియమానుసారం కాక తాత్కాలికంగా నియమితులైనవారికి క్రమబద్ధీకరణ హక్కు లేదని 2006లో ఉమాదేవి కేసులో ప్రకటించినది. శాశ్వత ఉద్యోగుల సంఘాలు చాలాకాలం కాంట్రాక్టు కార్మికులను సభ్యులుగా చేర్చుకొనలేదు. దీనివలన ఒకే గేటులోనుండి లోపలికి వెళ్లే ఇద్దరు కార్మికుల ప్రయోజనాలు వేరైనవి. సమ్మె జరిగినపుడు పని పూర్తిగా ఆగిపోయే పరిస్థితి కూడా పోయినది.

పెట్టుబడుల ఉపసంహరణ

2001 మార్చిలో బాల్కో సంస్థలో 51 శాతం వాటాను కేంద్ర ప్రభుత్వం స్టెరిలైట్ కంపెనీకి 551.5 కోట్ల రూపాయలకు అమ్మినది. కోర్బాలోని కార్మికులు 67 రోజులు సమ్మె చేశారు. అప్పటి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కూడా వారిని సమర్థించినది. ఆర్థిక విధానం ప్రభుత్వ పరిధిలోని విషయమని, అమ్మకాన్ని అడ్డుకొనే హక్కు ఉద్యోగులకు లేదని సుప్రీంకోర్టు 2001 డిసెంబరు 10న తీర్పు చెప్పినది.

2004 నుండి 2008 వరకు కేంద్ర ప్రభుత్వం వామపక్షాల మద్దతుపై ఆధారపడినందున పరిస్థితి కొంత మారినది. 2005లో బి.హెచ్.ఇ.ఎల్. వాటాల అమ్మకం, 2006లో నైవేలీ లిగ్నైట్ వాటాల అమ్మకం నిలిచిపోయాయి. అయితే ఈ విజయాలు పార్లమెంటులోని మిత్రపక్షాల బలం వలన వచ్చినవి. 2009 తరువాత లోక్‌సభలో వామపక్షాల సంఖ్య తగ్గడంతో ఆ రక్షణ కూడా తొలగినది. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దుచేసి 41 కర్మాగారాలను 7 సంస్థలుగా మార్చారు. మెదక్ ఆయుధ కర్మాగారం కూడా ఇందులో ఒకటి. దీనికి ముందే రక్షణ ఉత్పత్తులలో సమ్మెలను నిషేధించుటకు 2021లో ప్రత్యేక చట్టం చేశారు. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటా సంస్థల చేతికి వెళ్లినది.

తమిళనాడు సమ్మె, 2003 తీర్పు

2003 జూలైలో పెన్షను తదితర ప్రయోజనాల కోతకు వ్యతిరేకంగా తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులు సమ్మె ప్రారంభించారు. జయలలిత ప్రభుత్వం సుమారు 1.7 లక్షల మందిని విధులనుండి తొలగించినది. టి.కె. రంగరాజన్ కేసులో 2003 ఆగస్టు 6న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేయుటకు ప్రాథమికమైన, చట్టబద్ధమైన, నైతికమైన హక్కు ఏదీ లేదన్నది. బేషరతుగా క్షమాపణ చెప్పిన తరువాతనే అధిక సంఖ్యాకులు తిరిగి విధులలో చేరగలిగారు. 2004 లోక్‌సభ ఎన్నికలలో అన్నా డి.ఎం.కె. కూటమి తమిళనాడులోని 39 స్థానాలనూ కోల్పోయినది. ఆ వెంటనే ప్రభుత్వం ఉద్యోగులపై తీసుకున్న చర్యలను చాలావరకు ఉపసంహరించుకున్నది. సమ్మె ద్వారా సాధించలేనిది ఎన్నికల ద్వారా సాధించిన ఉదాహరణగా దీనిని పేర్కొనవచ్చును. అయితే తీర్పు మాత్రం నిలిచి, ఆ తరువాతి సమ్మెలన్నింటిపైనా ప్రభావం చూపినది.

తెలుగు రాష్ట్రాలలో

ఉద్యమాల కాలం

తెలంగాణ ఉద్యమంలో ఉద్యోగ సంఘాలు ముఖ్యపాత్ర వహించాయి. 2011 సెప్టెంబరు 13 నుండి 42 రోజుల పాటు జరిగిన సకల జనుల సమ్మెలో ప్రభుత్వోద్యోగులు, ఉపాధ్యాయులు, సింగరేణి, ఆర్టీసీ కార్మికులు పాల్గొన్నారు. 2013లో రాష్ట్ర విభజనకు వ్యతిరేకంగా సీమాంధ్రలో ఏ.పి.ఎన్.జి.ఓ. సంఘం నాయకత్వాన 66 రోజులు సమ్మె జరిగినది. సంఘ నాయకులు నేరుగా రాజకీయాలలోకి ప్రవేశించారు. స్వామి గౌడ్ తెలంగాణ శాసన మండలి అధ్యక్షుడు కాగా, శ్రీనివాస్ గౌడ్ 2014లో శాసనసభ్యుడిగా ఎన్నికై తరువాత మంత్రి అయ్యాడు. ఏ.పి.ఎన్.జి.ఓ. నాయకుడు అశోక్ బాబు 2019లో శాసన మండలి సభ్యుడయ్యాడు. 2015 మార్చిలో జరిగిన పట్టభద్రుల ఎన్నికలో మాత్రం అధికార పార్టీ తరఫున నిలిచిన టి.ఎన్.జి.ఓ. నాయకుడు దేవీ ప్రసాద్ ఓడిపోయాడు.

నాయకులకు పదవులు లభించడం సంఘాల బలాన్ని పెంచినదా, తగ్గించినదా అనే విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అధికార పార్టీలో చేరిన నాయకుడు ప్రభుత్వానికి వ్యతిరేకంగా సమ్మె పిలుపును సమర్థించడం కష్టమని విమర్శకుల అభిప్రాయం.

తెలంగాణ ఆర్టీసీ సమ్మె (2019)

2019 అక్టోబరు 5న తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ కార్మికులు సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్న డిమాండుతో సహా 26 డిమాండ్లతో సమ్మె ప్రారంభించారు. సంస్థలో సుమారు 48 వేల మంది ఉద్యోగులు ఉండేవారు. గడువులోగా విధులకు రానివారు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్లేనని ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రకటించాడు. తాత్కాలిక డ్రైవర్లు, కండక్టర్లతో బస్సులు నడిపారు. సెప్టెంబరు నెల జీతాలు సమ్మె ముగిసేవరకు అందలేదు. సమ్మె కాలంలో కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు.

అక్టోబరు 19న రాష్ట్ర బంద్ జరిగినది. ప్రతిపక్షాలన్నీ సమ్మెను సమర్థించాయి. అయినప్పటికీ అక్టోబరు 21న జరిగిన హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో అధికార పార్టీ 43 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచినది. నవంబరు 2న మంత్రివర్గం 5,100 మార్గాలను ప్రైవేటు బస్సులకు అప్పగించాలని నిర్ణయించినది. హైకోర్టులో పలుమార్లు విచారణ జరిగినా పరిష్కారం లభించలేదు. నవంబరు 25న సంఘాల సంయుక్త కార్యాచరణ సమితి ఏ డిమాండూ నెరవేరకుండానే సమ్మె విరమించినది. మరునాడు డిపోల వద్దకు వచ్చినవారిని విధులలోకి తీసుకోలేదు. నవంబరు 28న మంత్రివర్గం అనుమతించిన తరువాత 29 నుండి చేరగలిగారు.

డిసెంబరు 1న ముఖ్యమంత్రి కార్మికుల ప్రతినిధులతో కలిసి భోజనం చేసి, పదవీ విరమణ వయస్సును 60 సంవత్సరాలకు పెంచుతున్నట్లు ప్రకటించాడు. ఈ సమావేశానికి సంఘ నాయకులను పిలువలేదు. సంఘాల స్థానంలో డిపో స్థాయిలో సంక్షేమ మండళ్లను ఏర్పాటు చేశారు. సౌకర్యాలు ఇచ్చి సంఘాన్ని మాత్రం పక్కన పెట్టడం ఈ సమ్మె ముగింపులోని ప్రత్యేకత. విలీనం డిమాండు అక్కడితో ముగియలేదు. ఆంధ్ర ప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుండి ఆర్టీసీ ఉద్యోగులు ప్రజారవాణా శాఖ ఉద్యోగులయ్యారు. తెలంగాణలో శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, 2023 ఆగస్టులో, విలీన బిల్లును శాసనసభ ఆమోదించినది.

వేతన సవరణ ఆందోళన (2022)

ఆంధ్ర ప్రదేశ్‌లో 2022 జనవరిలో ప్రకటించిన వేతన సవరణలో ఫిట్‌మెంటు 23 శాతంగా నిర్ణయించారు. అంతకుముందు ఇచ్చిన మధ్యంతర భృతి 27 శాతం కావడంతో ఉద్యోగులు ఆగ్రహించారు. ఫిబ్రవరి 3న నిర్వహించిన "చలో విజయవాడ"కు పోలీసుల ఆంక్షలను దాటుకొని వేలాదిమంది తరలివచ్చారు. ఫిబ్రవరి 5న మంత్రుల సంఘంతో చర్చల అనంతరం నాయకులు సమ్మె ఆలోచన విరమించారు. ఫిట్‌మెంటు మాత్రం మారలేదు. ఉపాధ్యాయ సంఘాలు ఒప్పందంతో విభేదించాయి. సభ్యుల సమీకరణకు, చర్చలలో సాధించిన ఫలితానికి మధ్య అంతరం ఈ సందర్భంలో స్పష్టంగా కనిపించినది.

విశాఖ ఉక్కు, సింగరేణి

విశాఖ ఉక్కు కర్మాగారంలో నూరు శాతం వాటాల ఉపసంహరణకు కేంద్రం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా అంగీకరించినది. 1966లో ప్రజా ఉద్యమం ద్వారా సాధించుకున్న కర్మాగారం కావడం వలన కార్మికుల ఆందోళనకు అన్ని పార్టీల మద్దతు లభించినది. అమ్మకం ముందుకు సాగలేదు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీని ప్రకటించినది. సింగరేణిలో గుర్తింపు సంఘానికి రహస్య ఓటింగు ద్వారా ఎన్నికలు జరుగుతాయి. 2012, 2017లలో తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం గెలువగా, రాష్ట్రంలో ప్రభుత్వం మారిన కొద్ది రోజులకే, 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలలో ఏ.ఐ.టి.యు.సి. గెలిచినది.

ఇతర దేశాలలో

అమెరికాలో 1981 ఆగస్టులో సమ్మె చేసిన 11 వేలకు పైగా విమాన రాకపోకల నియంత్రకులను అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ 48 గంటల గడువు ఇచ్చి తొలగించాడు. ప్రభుత్వోద్యోగులకు బేరసారాల హక్కునిచ్చిన మొదటి రాష్ట్రమైన విస్కాన్సిన్, 2011లో చేసిన చట్టం ద్వారా అధిక భాగం ఉద్యోగులకు ఆ హక్కును మూల వేతనానికి మాత్రమే పరిమితం చేసినది. సభ్యులు కాని ప్రభుత్వోద్యోగుల నుండి సంఘాలు రుసుము వసూలు చేయరాదని 2018లో జేనస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది.

మిగిలి ఉన్న ప్రాబల్యం

2004 జనవరి 1 తరువాత కేంద్ర ప్రభుత్వంలో (సాయుధ దళాలు మినహా) చేరినవారికి, అదే సంవత్సరం సెప్టెంబరు 1 తరువాత ఆంధ్ర ప్రదేశ్‌లో చేరినవారికి పాత పెన్షను లేదు. వారి పెన్షను మార్కెట్టు రాబడిపై ఆధారపడి ఉంటుంది. అప్పట్లో సర్వీసులో ఉన్నవారికి నష్టం లేనందున సంఘాలు దీనిని గట్టిగా ఎదిరించలేదనే విమర్శ ఉన్నది. కొత్త ఉద్యోగుల సంఖ్య పెరిగిన తరువాత ఇదే పెద్ద ఎన్నికల అంశమైనది. 2022లో రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, 2023లో హిమాచల్ ప్రదేశ్ పాత పెన్షనును పునరుద్ధరించాయి. కేంద్రం కూడా 2024 ఆగస్టు 24న ఏకీకృత పెన్షను పథకాన్ని ఆమోదించి 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి తెచ్చినది. దీని ప్రకారం 25 సంవత్సరాల సర్వీసు పూర్తిచేసినవారికి చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం పెన్షనుగా లభిస్తుంది.

ప్రైవేటీకరణ విషయంలో కూడా కొన్ని విజయాలు ఉన్నాయి. 2020 అక్టోబరులో ఉత్తర ప్రదేశ్ విద్యుత్ ఉద్యోగుల ఆందోళనతో పూర్వాంచల్ పంపిణీ సంస్థ ప్రైవేటీకరణ ఆగినది. రెండు ప్రభుత్వరంగ బ్యాంకులను ప్రైవేటీకరిస్తామని 2021 బడ్జెటులో ప్రకటించగా బ్యాంకు ఉద్యోగులు ఆ సంవత్సరం మార్చిలోను, డిసెంబరులోను రెండేసి రోజులు సమ్మె చేశారు. సంబంధిత బిల్లును 2021 శీతాకాల సమావేశాల జాబితాలో చేర్చినా ప్రవేశపెట్టలేదు.

శాశ్వత ఉద్యోగుల సంఘాలు బలహీనపడిన చోట పథకాల కార్మికుల సంఘాలు ముందుకు వచ్చాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబరు 12 నుండి 42 రోజులు సమ్మె చేశారు. వీరిని ప్రభుత్వోద్యోగులుగా గుర్తించని ప్రభుత్వమే, సమ్మె సమయంలో వీరి సేవలను అత్యవసర సేవలుగా పేర్కొని ఎస్మా ప్రయోగించినది.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి సమ్మె నియమాలను మరింత కఠినం చేసినది. ప్రజోపయోగ సేవలకే కాక అన్ని పారిశ్రామిక సంస్థలకు 14 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి అయినది. సగం మంది లేదా అంతకు మించి ఒకేసారి సెలవు పెట్టినా దానిని సమ్మెగానే పరిగణిస్తారు. 51 శాతం సభ్యత్వం గల సంఘానికే ఏకైక చర్చల ప్రతినిధిగా గుర్తింపు లభిస్తుంది. అనేక సంఘాలుగా చీలిన సంస్థలలో ఈ చివరి నియమం సంఘాలను ఏకం చేయవచ్చునని కొందరు, చిన్న సంఘాలను నిర్మూలిస్తుందని మరికొందరు భావిస్తున్నారు.